మెదడులో తగ్గని వాపు – అల్జీమర్స్

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోటు ఎర్రబడి వాస్తుంది. అది శరీరం తనను కాపాడుకునే పద్ధతి. ముల్లు తీసేస్తే వాపు తగ్గుతుంది. లోపలే ఉండిపోతే చుట్టూ ఉన్న మంచి కండ కూడా పాడవుతుంది. అల్జీమర్స్ వ్యాధిలో మెదడు లోపల జరిగేది కొంతవరకు ఇలాంటిదే.

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, మతిమరుపుతో బాధపడి చనిపోయిన ఒక స్త్రీ మెదడును పరీక్షించి, కణాల మధ్య ముద్దలనూ, కణాల లోపల చిక్కుపడిన పోగులనూ గుర్తించారు. ఆ ముద్దలు అమైలాయిడ్, పోగులు టౌ అనే ప్రోటీన్లని తరువాత తెలిసింది.

వాపు ఎలా వస్తుంది?

మెదడుకు మైక్రోగ్లియా అనే కాపలా కణాలున్నాయి. చెత్తను తిని శుభ్రం చేయడం వీటి పని. మొదట్లో ఇవి అమైలాయిడ్‌ను తొలగిస్తాయి. అది పేరుకుపోతూనే ఉంటే, ఏళ్ల తరబడి రెచ్చిపోయి వాపు కలిగించే రసాయనాలు వదులుతాయి. దాంతో జ్ఞాపకాలను మోసే నరాల కణాలు, వాటి మధ్య సంబంధాలు దెబ్బతింటాయి. ఈ కాపలా కణాల పనికి అవసరమైన ట్రెమ్2 జన్యువులో ఒక రకం మార్పు ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు ఎక్కువని 2012లో తేలింది.

అయితే నొప్పి మాత్రలు వేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. అమెరికాలో 2001లో మొదలైన ఒక పెద్ద పరిశోధనలో 70 ఏళ్లు దాటినవారికి నాప్రోక్సెన్, సెలెకాక్సిబ్ మాత్రలు ఇచ్చి చూశారు. జబ్బును నివారించలేకపోయాయి. గుండెకు ముప్పు ఉండవచ్చన్న భయంతో 2004లో వాటిని ఆపేశారు. కాబట్టి మతిమరుపు రాకుండా ఉండాలని ఈ మాత్రలు సొంతంగా వాడకండి. కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు చెడిపోవచ్చు.

మనం చేయగలిగినవి

• బి.పి., షుగరు, కొలెస్ట్రాల్ అదుపులో ఉంచుకోండి. పొగాకు, మద్యం మానండి.
• రోజూ నడవండి. నలుగురితో మాట్లాడండి.
• వినికిడి తగ్గితే చెవి మిషను పెట్టించుకోండి.
• థైరాయిడ్ తక్కువైనా, బి12 విటమిన్ లోపించినా మతిమరుపు రావచ్చు. వీటికి మందులున్నాయి, పరీక్ష చేయించండి.

ముఖ్యమైన మాట: నిన్నటిదాకా బాగున్న పెద్దవారు ఒకటి రెండు రోజుల్లోనే అయోమయంగా మాట్లాడితే "వయసైపోయింది" అని ఊరుకోకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ గానీ, నిమోనియా గానీ ఉండవచ్చు. జ్వరం లేకపోయినా అదే రోజు డాక్టరుకు చూపించండి. సకాలంలో వైద్యం అందితే చాలామంది తేరుకుంటారు.