బడి గంట నుంచి పోచారం దాకా

అమెరికాలోని వైట్‌వాటర్ పట్టణంలో వారెన్ జాన్సన్ అనే ఆచార్యుడు పాఠం చెబుతుంటే, బంట్రోతు గంటగంటకూ లోపలికొచ్చి గది వేడి చూసి, కింది అంతస్తులోని కొలిమిని సరిచేయడానికి దిగి వెళ్లేవాడు. పాఠం తెగిపోయేది. విసిగిన జాన్సన్, గది వేడిని పసిగట్టి కొలిమి దగ్గర గంట మోగించే పరికరం తయారుచేసి, 1883లో పేటెంటు పొందాడు. 1895 నాటి ఆయన పేటెంటుతో మనిషి అవసరమే తప్పింది. గొట్టాల్లోని ఒత్తిడి గాలే ఏ గదికి ఆ గది కవాటాలను తిప్పేది.

తర్వాత ఆ పని కంప్యూటర్ల చేతికొచ్చింది. అయితే ఒక కంపెనీ యంత్రం మాట ఇంకో కంపెనీ యంత్రానికి తెలిసేది కాదు. 1995లో యంత్రాలన్నిటికీ ఉమ్మడి భాషగా బ్యాక్‌నెట్ ప్రమాణం వచ్చి ఆ చిక్కు విప్పింది.

ఇలాంటి నియంత్రణ సత్తా హైదరాబాద్ శివారు పోచారంలో తేలింది. 2011లో ఇన్ఫోసిస్ అక్కడి తన ఆఫీసు భవనాన్ని రెండు సమభాగాలు చేసింది. ఒకవైపు మామూలు పద్ధతిలో చల్లగాలి. రెండోవైపు కాంక్రీటు శ్లాబులోనే గొట్టాలు వేసి చన్నీళ్లు పారించారు. ఇందులో ఒక ప్రమాదముంది. గాలిలో తేమ ఎక్కువై, నీళ్లు మరీ చల్లనైతే, ఐసు నీళ్ల స్టీలు గ్లాసుకు పట్టినట్టే పైకప్పుకూ చెమట పడుతుంది. అందుకే బయటి గాలిని తేమ తీసేశాకే లోపలికి వదులుతారు. సెన్సర్లు తేమను కనిపెడుతుంటే, దానికి తగ్గట్టు నియంత్రణ వ్యవస్థ నీటి చల్లదనాన్ని హద్దులో ఉంచుతుంది. మొదటి ఏడాది లెక్క చూస్తే శ్లాబు వైపు చల్లదనానికి కరెంటు 34 శాతం తక్కువ పట్టింది. అక్కడ కూర్చున్నవాళ్లే ఎక్కువ హాయిగా ఉందన్నారు కూడా.

వణికించే చలి సుఖం కాదు, కరెంటు దండగ. ఏసీ ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ గుర్తు గది ఏసీలు ముందే 24 డిగ్రీల అమరికతో రావాలన్న నిబంధన అందుకే వచ్చింది.

వేలూరు ఎండలు ఎరిగిన కే.వి.కుప్పం, గుడియాత్తం వాళ్లకు ఇది దూరపు ముచ్చట కాదు. ఆసుపత్రి కట్టినా, కాలేజీ కట్టినా సెన్సరు ఎక్కడ పెడుతున్నారో దగ్గరుండి చూడాలి. ఎండ పడే గోడకు బిగిస్తే అది లేని వేడిని చెబుతుంది, యంత్రం ఊరికే తిరుగుతుంది. ఖాళీ గదికి చల్లదనం ఆగుతోందా, కరెంటు లెక్క నెలనెలా ఎవరైనా చూస్తున్నారా అనీ అడగాలి. కొలత సరిగా ఉంటేనే పొదుపైనా, సుఖమైనా.