గడువు గల శాసనము

ఒక శాసనము పుట్టుట, అమలగుట, నశించుట యను మూడు దశలను పౌరధర్మ పాఠములలో మనము చదువుచున్నాము. అవి ఒక్కరి జీవితమున నెట్లు కానవచ్చినవో తెలుపుటకై అమెరికా సెనేటరగు డయాన్ ఫైన్‌స్టయిన్ గారి కృషిని ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయుధములు కలిగియుండుట ప్రజల హక్కని ఆ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చబడిన రెండవ సవరణ చెప్పుచున్నది. కావున తుపాకులను గూర్చిన ప్రతి శాసనమును అచ్చట హక్కునకును ప్రాణరక్షణకును నడుమ తగవుగా పరిణమించును.

1978 నవంబరు 27వ తేదీని శాన్‌ఫ్రాన్సిస్కో నగర మందిరములో మేయరు జార్జి మాస్కోనీయు, నగరసభ్యుడు హార్వీ మిల్కును తుపాకి గుండ్లకు బలియైరి. నగరసభాధ్యక్షురాలగు ఫైన్‌స్టయిన్ గారు మిల్కు దేహమును కనుగొని, నాడి చూడబోగా వ్రేలు గుండు చేసిన రంధ్రమున దూరెను. పిమ్మట మేయరు పదవి యామెకే వచ్చెను. 1982లో నగరము చేతి తుపాకులను నిషేధించెను గాని, అది రాష్ట్రశాసనమునకు విరుద్ధమని న్యాయస్థానము కొట్టివేసెను.

ఆమె 1992లో సెనేటునకు ఎన్నికైరి. మరుసటి యేట జూలై 1న అదే నగరమున ఒక కార్యాలయ భవనములో ఒకడు ఎనిమిదిమందిని కాల్చి చంపెను. ఆ యేడే యామె సైనిక పద్ధతి తుపాకుల నిషేధమును ప్రతిపాదించిరి. తుపాకుల సంగతి ఆమె మరికొంత తెలిసికొనవలెనని తోటి సెనేటరొకడు సభలో ఎత్తిపొడువగా, ఆమె మిల్కు నాడి చూచిన వృత్తాంతమునే బదులుగా చెప్పిరి. సభ నిషేధమును అంగీకరించెను.

1994 సెప్టెంబరు 13న ప్రెసిడెంటు క్లింటను సంతకముతో అది శాసనమయ్యెను. పేరు పెట్టి చెప్పిన 19 రకముల తుపాకులును, నిర్ణీత లక్షణములు గల మరికొన్నియు, పదికి మించి తూటాలు పట్టు పెట్టెలును క్రొత్తగా చేయరాదు. కాని బిల్లు నెగ్గుటకై రెండు విషయములలో తగ్గవలసి వచ్చెను: అదివరకే జనుల చేతనున్నవానిని ముట్టరాదు, శాసనమునకు పదియేండ్లే గడువు. తయారీదారులు కొన్ని భాగములు మార్చి క్రొత్త నమూనాలు అమ్మిరి. శాసనము ఎందరి ప్రాణములు కాచెనను విషయమున పండితులు నేటికిని ఏకాభిప్రాయులు కారు.

2004లో గడువు పొడిగింపునకు సెనేటు 52-47 ఓట్లతో ఒప్పెను. కాని దానిని చేర్చిన బిల్లే ఓడిపోయెను. శాసనము గతించెను.

2012 డిసెంబరు 14న కనెక్టికటు రాష్ట్రములో శాండీహుక్ పాఠశాలయందు ఇరువదిమంది పసిపిల్లలును, ఆరుగురు సిబ్బందియు కాల్చబడిరి. మన పాఠశాలలోని చిన్న తరగతులను తలంచుకొన్నచో ఆ సంఖ్య యెంతటిదో తెలియును. ఫైన్‌స్టయిన్ గారు మరల బిల్లు తెచ్చిరి. 2013 ఏప్రిలు 17న అది 40-60 ఓట్లతో వీగిపోయెను. తరువాతను పలుమారులు తెచ్చిరి. 2023 సెప్టెంబరు 29న సెనేటరుగనే మరణించిరి.

శాసనము చేయుట యెంత కష్టమో, చేసినదానిని నిలుపుకొనుట అంతకంటె కష్టమని ఈ చరిత్రము తెలుపుచున్నది. రేపు ఓటు వేయబోవు విద్యార్థులు శాసనము పేరునే గాక, దాని గడువును మినహాయింపులను గూడ చదువుట నేర్తురు గాక.