ఫోన్ బ్యాటరీకీ మెకానికల్ డిపార్ట్‌మెంట్‌కీ ఏంటి సంబంధం?

మొన్న మా తమ్ముడు ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి, దిండు కింద తోసేసి పడుకున్నాడు. పొద్దున నేను తీస్తే అప్పుడే పెనం మీంచి దింపిన అట్టులా ఉంది. తిట్టాను. తిట్లన్నీ అయ్యాక వాడు ఒకటి అడిగాడు: "అక్కా, ఈ వేడే ముదిరితే స్కూటర్ బ్యాటరీలు పేలతాయా?"

మంచి ప్రశ్నే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఉంచిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అందుకే ఈ ఎపిసోడ్.

మెకానికల్ అంటే లేత్ మిషన్, బాయిలర్, ఇంజన్ అనుకుంటాం కదా. కానీ జాన్ గుడినఫ్ అనే ఆయన ఉండేవారు. చదివింది ఫిజిక్స్, 2019లో నోబెల్ వచ్చింది కెమిస్ట్రీకి, అప్పటికి ప్రొఫెసర్‌గా ఉన్నది అమెరికాలో, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ మెకానికల్ ఇంజనీరింగ్‌లో! 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా ఆయన టీమ్ కనిపెట్టిన లిథియం కోబాల్ట్ ఆక్సైడే ఇప్పటికీ చాలా ఫోన్లలో ఉంది.

అది పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యలో లిథియం. ఛార్జ్ పెడితే ఆ లిథియం లేచి అవతలి వైపు గ్రాఫైట్‌లోకి వెళ్తుంది, ఫోన్ వాడితే తిరిగొస్తుంది. చిక్కు ఎక్కడంటే, లిథియం వెళ్లిపోయే కొద్దీ ఆ పొరలకి పట్టు తగ్గుతుంది. ఫుల్ ఛార్జ్‌లో ఉన్నప్పుడు బాగా వేడెక్కితే అందులోంచి ఆక్సిజన్ బయటికొస్తుంది. పక్కనే మండే ద్రవం, ఎలక్ట్రోలైట్. అంటే వేడి, ఇంధనం, ఆక్సిజన్ మూడూ ఒకే ప్యాకెట్లో! పైన దుప్పటి కప్పి గాలి ఆపినా ఉపయోగం లేదు, లోపలే తయారవుతోంది కాబట్టి. వేడి వల్ల రియాక్షన్, రియాక్షన్ వల్ల ఇంకా వేడి. దీన్నే థర్మల్ రనవే అంటారు.

మరి ఆక్సిజన్‌ని వదలని పదార్థం ఉందా? ఉంది. ఆస్టిన్‌లోనే 1997లో పాధీ, నంజుండస్వామి, గుడినఫ్ కలిసి ఒక పేపర్ వేశారు. పదార్థం లిథియం ఐరన్ ఫాస్ఫేట్, షాపుల్లో ఎల్ఎఫ్‌పీ అంటున్నదే. ఇందులో ఫాస్ఫరస్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, వేడెక్కినా అంత తేలిగ్గా వదలదు. పైగా కోబాల్ట్ అక్కర్లేదు, ఇనుము చవక.

అలాంటప్పుడు ఫోన్లలో ఎందుకు వాడరు? ఎందుకంటే దీని సెల్ 3.2 వోల్టులే, కోబాల్ట్‌ది 3.7 పైనే. అదే బ్యాకప్ కావాలంటే బ్యాటరీ లావు, బరువు పెరుగుతాయి. జేబులో ఇటుక పెట్టుకుని ఎవరు తిరుగుతారు? బస్సుకీ, ఇంట్లో ఇన్వర్టర్‌కీ ఆ బరువు లెక్క కాదు, అందుకే అక్కడ బాగా కుదిరింది. స్కూటర్ కొంటుంటే ఎల్ఎఫ్‌పీనా, ఎన్ఎంసీనా అని అడగండి. ఎన్ఎంసీ కూడా పొరల జాతే. అలాగని ఎల్ఎఫ్‌పీ అసలు కాలదని కాదు. ఎలక్ట్రోలైట్ అందులోనూ మండేదే. సెల్‌కి దెబ్బ తగిలినా, ఛార్జర్ నాసిరకమైనా ప్రమాదమే.

ఇంకొక ముచ్చట. 97 ఏళ్ల గుడినఫ్ తరఫున స్టాక్‌హోమ్‌లో నోబెల్ ప్రసంగం చేసింది అరుముగం మంతిరామ్. తమిళనాడు మనిషి, అదే మెకానికల్ డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్. కోబాల్ట్ లేకుండానే ఎక్కువ ఎనర్జీ పట్టే పదార్థాల మీద ఆయన ల్యాబ్ పనిచేస్తోంది. అది ఫోన్లలోకి వచ్చేదాకా మన చేతిలో ఉన్నది వేడి బయటికి పోనివ్వడమే. దిండు కింద అది పోదు. బ్యాటరీ ఉబ్బితే నొక్కకండి, గుచ్చకండి, ఛార్జ్ పెట్టకండి, సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.

మా వాడి ఫోన్ ఇప్పుడు స్టూల్ మీద ఛార్జ్ అవుతోంది. కేబుల్ మంచం దాకా రావట్లేదని రోజూ గొడవే.