చిల్లర నువ్వే ఉంచుకో!

నల్లగా మాడిపోయిన ఊపిరితిత్తుల బొమ్మ బ్లాక్‌బోర్డుకి తగిలించి, "చూశారా, పొగ తాగితే ఇలా అయిపోతారు" అన్నాను. నా గొంతు నాకే గొప్పగా వినిపించింది. తొమ్మిదో తరగతి పిల్లలు నోరు మెదపకుండా చూస్తున్నారు. అంతలో వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచి, "మా తాతకి డెబ్బై ఏళ్లు మేడమ్. చుట్ట కాలుస్తూనే ఇప్పటికీ వల లాగుతున్నాడు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

అదీ నా మొదటి రోజు!

నేను ఎం.ఎస్.డబ్ల్యూ. విద్యార్థినిని. చదువులో భాగంగా విశాఖపట్నంలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఇంటర్న్‌గా చేరాను. వారానికి మూడు రోజులు శివార్లలోని ఓ ప్రభుత్వ హైస్కూలుకి వెళ్లాలి. పిల్లలు పొగాకు, మద్యం, గంజాయి జోలికి పోకుండా ముందే వాళ్లని సిద్ధం చెయ్యాలి. నాలుగు మంచి మాటలు చెప్పడమే కదా, అదెంత పని అనుకున్నాను.

సాయంత్రం సంగతంతా విని మా సూపర్‌వైజర్ మేడమ్ నవ్వారు. "భయపెడితే పిల్లలు మానరమ్మా. నువ్వు చూపించిన బొమ్మ కన్నా వాళ్ల తాతే వాళ్లకి ఎక్కువ నిజం" అన్నారు. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల విభాగం 2013లో ఇలాంటి కార్యక్రమాలకి ప్రమాణాలు ప్రకటించింది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి వాటిని సవరించింది. ఉపన్యాసాలు దంచడం, భయపెట్టడం, ఒకప్పుడు అలవాటు పడినవాళ్లని తెచ్చి అనుభవాలు చెప్పించడం... వీటివల్ల ఫలితం కనిపించలేదని అందులో ఉంది. పిల్లల చేత మాట్లాడించాలి. స్నేహితుడు బలవంతపెడితే తప్పించుకునే తీరు అలవాటు చెయ్యాలి. "అందరూ చేస్తున్నారు" అన్న మాట నిజం కాదని వాళ్లకే తెలిసేలా చెయ్యాలి.

మర్నాడు బొమ్మలు ఇంట్లో వదిలేసి వెళ్లాను. ఇద్దరిద్దరు పిల్లల చేత చిన్న చిన్న నాటకాలు వేయించాను. ఒకడు "ఒక్కసారేరా, ఏం కాదు" అంటాడు. రెండోవాడు స్నేహం చెడకుండా తప్పించుకోవాలి. "ట్యూషన్‌కి టైమైంది", "మా అమ్మ వాసన పట్టేస్తుందిరా బాబూ" అంటూ వాళ్లు చెప్పే జవాబులకి నేనే కడుపుబ్బ నవ్వాను. ఆ తర్వాత ఒక అట్టపెట్టె పెట్టి, పేరు రాయకుండా ఏదైనా అడగొచ్చన్నాను.

ఆ చీటీలు చదివాక నవ్వు ఆగిపోయింది.

"గంజాయి ఆకే కదా, ఆకు ఎలా చెడ్డది?" "వైట్‌నర్ వాసన చూస్తే ఏమవుతుంది?" (సీసాల్లో వైట్‌నర్ చిల్లరగా అమ్మడాన్ని కేంద్రం 2012లోనే నిషేధించింది. అయినా పిల్లలకి సంగతి తెలుసు!) "నాన్న తాగి వస్తే మేం ఎక్కడ దాక్కోవాలి?" వాటన్నిటి మధ్య, నోటు పుస్తకంలోంచి చింపిన ఓ ముక్క మీద ఇలా ఉంది:

"రోజూ మా నాన్నకి సిగరెట్లు నేనే తెస్తాను. తేనంటే కొడతారు. మీరు నేర్పిన 'వద్దు' నాన్నకి ఎలా చెప్పాలి?"

జవాబు నాకు తెలియలేదు. అంతకన్నా నా గుండెల్లో కలుక్కుమన్న సంగతి వేరే ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మా నానమ్మకి అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్లకి చెప్తున్నాను, అడ్డపొగంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా తీరప్రాంతంలో పెద్దవయసు ఆడవాళ్లలో ఇది కొత్తేమీ కాదు. గాలికి ఆరిపోదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి అంటారు. కొట్టుకెళ్లి ఆ చుట్టలు తెచ్చింది ఎవరు? నేనే. పొయ్యిలో నిప్పు తెచ్చి వెలిగించి ఇచ్చింది కూడా నేనే. "చిల్లర నువ్వే ఉంచుకోయే గుంటా" అనేది నానమ్మ. ఆ చిల్లరతో జీళ్లు కొనుక్కునేదాన్ని. పదేళ్లప్పుడు వెలిగిస్తూ వెలిగిస్తూ ఓ దమ్ము నేనూ లాగాను. దగ్గొచ్చింది కాబట్టి సరిపోయింది. రాకపోతే?

ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మర్నాడు క్లాసులో చెప్పేశాను. ఎవరూ నవ్వలేదు. "మీలో ఇంట్లోవాళ్ల కోసం ఇలా కొట్టుకి వెళ్లేవాళ్లెంతమంది?" అనడిగితే సగానికి పైగా చేతులు లేచాయి. ఆడపిల్లలవి కూడా. ఆ చీటీ రాసిన పిల్లాడెవరో నాకు తెలియదు. "నాన్నకి 'వద్దు' చెప్పే బరువు నీది కాదు. పెద్దవాళ్లతో పెద్దవాళ్లం మాట్లాడతాం" అని అందరికీ వినపడేలా మాత్రం అన్నాను.

అనడం తేలికే!

తల్లిదండ్రుల సమావేశానికి ఎప్పట్లాగే తల్లులే వచ్చారు. 18 ఏళ్లలోపు పిల్లలకి సిగరెట్టు, బీడీ, ఖైనీ అమ్మడం నేరమనీ, బడికి వంద గజాల లోపల అసలు అమ్మనే కూడదనీ, 2003 నుంచీ ఈ చట్టం ఉందనీ చెప్పాను. పిల్లలకి మద్యం గానీ పొగాకు గానీ ఇస్తే ఏడేళ్ల వరకూ జైలు శిక్ష వేసే వీలు 2015 బాలల న్యాయ చట్టంలో ఉందన్నాను. అప్పుడొకావిడ లేచింది.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా. గుంటడ్ని పంపకపోతే మా ఆయన నన్ను పంపుతాడు. ఆ కొట్టు ముందు రాత్రిపూట తాగినోళ్లుంటారు. వాళ్ల మధ్య నన్ను నిలబడమంటావా?"

నా దగ్గర మాట లేదు. ఆవిడ పక్కనే కూర్చున్న ఇంకో తల్లి అందుకుంది: "నువ్వొక్కదానివీ ఎందుకు నిలబడతావు? పద, పగలే అందరం వెళ్దాం."

హెడ్‌మిస్ట్రెస్ గారు, పదకొండు మంది తల్లులు, నేను కలిసి కొట్టుకి వెళ్లాం. "ఇంట్లోవాళ్లు పంపితేనే కదమ్మా ఇస్తున్నాను, నాదేం తప్పు?" అన్నాడు కొట్టతను. "ఇకమీదట పంపం. వచ్చినా ఇవ్వొద్దు" అన్నారు తల్లులు. బోర్డు కట్టించారు. అంతటితో అంతా మారిపోయిందని చెప్పను. యూనిఫాంలో ఉన్న పిల్లలకి ఇవ్వడం మానాడు. బట్టలు మార్చుకుని వెళ్లే పిల్లలు ఇంకా ఉన్నారు. కానీ తర్వాతి వారం పెట్టెలో ఒక చీటీ దొరికింది: "నిన్న నాన్నే వెళ్లి తెచ్చుకున్నారు." అదే చేతిరాతో కాదో పోల్చుకోవాలనిపించలేదు.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నానమ్మని వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించాను. అంగిలి తెల్లగా మందంగా ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు. అడ్డపొగ తాగేవాళ్లకి అంగిలి మీద క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉందని చదివాను కాబట్టి నా చేతులు వణికాయి. డాక్టరు చూసి, ఇప్పటికి పుండు కాలేదు, మానకపోతే ఏదో ఒకనాటికి కావచ్చు, చూపించుకుంటూ ఉండాలన్నారు.

"చుట్టలెవరు తెస్తున్నారు?" అనడిగాను. నానమ్మ మాట్లాడలేదు. తమ్ముడు తల దించుకున్నాడు. వాడు పదో తరగతి.

అమ్మలకీ అక్కలకీ నాదొక్కటే మనవి. మీ పిల్లలు పాడవకూడదని పూజలు చేస్తారు, ట్యూషన్లు పెట్టిస్తారు. మరి ఆ కొట్టు దారి మొదట చూపించేది మన చేత్తో ఇచ్చే డబ్బులే అయితే? ఈరోజు నుంచి పంపకండి. పంపొద్దని మగవాళ్లకి చెప్పడానికి ఒంటరిగా ధైర్యం చాలకపోతే పక్కింటావిడని తోడు తీసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే అలవాటైతే కొట్టి, తిట్టి దాచుకోవద్దు. 14446కి ఫోన్ చేయండి. ఖర్చు లేదు, సలహా చెప్పే ప్రభుత్వ సహాయ కేంద్రమది.

మా నానమ్మ మానిందా అంటారా? ఇంకా లేదు. రోజుకి నాలుగు నుంచి రెండుకి వచ్చింది. కానీ మొన్న ఫోన్లో అమ్మ చెప్పింది. తమ్ముడు కొట్టుకి బయల్దేరబోతుంటే నానమ్మ కర్ర పట్టుకుని లేచిందట. "నువ్వు సదుంకోరా. నా సుట్ట నానే తెచ్చుకుంతాను" అని గుమ్మం దిగిందట.

ఎండలో కొట్టుదాకా నడిచేసరికి ఆయాసం వచ్చి, ఒక్కటే కొనుక్కుని తిరిగొచ్చిందట!