‘నిల్‌’ అని వస్తే నిశ్చింతేనా?

మూత్రంతో పాటు రక్తపరీక్షా చూస్తేనే కిడ్నీల అసలు స్థితి

వింజమూరు: మూత్ర పరీక్ష కాగితంపై ‘మాంసకృత్తులు: నిల్‌’ అని కనిపించగానే కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయని చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. ‘1 ప్లస్‌’ అని వస్తే డయాలసిస్‌ తప్పదేమోనని కుంగిపోతారు. ఈ రెండూ పొరపాటే. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, ఒళ్లు నొప్పులకు తరచూ మాత్రలు మింగే వ్యవసాయ కూలీలు పరీక్ష కాగితాన్ని సరిగా చదువుకోవడం అవసరం.

ప్లస్‌ల లెక్క ఇదీ..
కిడ్నీలు రక్తాన్ని వడకట్టి వ్యర్థాలను బయటకు పంపుతాయి. మాంసకృత్తులను మాత్రం రక్తంలోనే నిలుపుతాయి. జల్లెడ దెబ్బతింటే అవి మూత్రంలోకి జారిపోతాయి. పట్టీ ముంచి చేసే పరీక్షలో 1 ప్లస్‌ అంటే డెసీలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, 2 ప్లస్‌ అంటే 100, 3 ప్లస్‌ అంటే 300. జ్వరం, అధిక శ్రమ, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌ ఉన్నా తాత్కాలికంగా ప్లస్‌ రావచ్చు. నీళ్లు తక్కువ తాగి మూత్రం చిక్కబడితే ఎక్కువగా, బాగా తాగి పలచబడితే తక్కువగా చూపుతుంది. అందుకే ఉదయం తొలి మూత్రంతో మళ్లీ పరీక్షించాలి. అల్బుమిన్‌, క్రియాటినిన్‌ నిష్పత్తి పరీక్ష ఇంతకంటే కచ్చితమైనది. అందులో 30 లోపు సాధారణం, 30 నుంచి 300 వరకు హెచ్చరిక, 300 దాటితే తీవ్రం. పట్టీకి చిక్కని స్వల్ప నష్టాన్నీ ఇది పసిగడుతుంది. గర్భిణుల్లో రక్తపోటుతో పాటు ప్లస్‌ కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి.

ఒకే అంకె.. ఇద్దరికి రెండు అర్థాలు
క్రియాటినిన్‌ కండరాల నుంచి వచ్చే వ్యర్థం. కిడ్నీలు మందగిస్తే రక్తంలో పెరుగుతుంది. అయితే సగం సామర్థ్యం పోయేవరకూ అంకె పెద్దగా మారకపోవచ్చు. అందుకే వయసు, స్త్రీ పురుష భేదం కలిపి ‘ఈజీఎఫ్‌ఆర్‌’ లెక్కిస్తారు. ఉదాహరణకు క్రియాటినిన్‌ 1.2 ఉన్న 25 ఏళ్ల యువకుడికి ఈ విలువ సుమారు 86. అదే 1.2 ఉన్న 60 ఏళ్ల మహిళకు సుమారు 52 మాత్రమే. మూడు నెలలకు పైగా 60 లోపు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుగా పరిగణిస్తారు. 15 లోపు పడిపోతే కిడ్నీలు విఫలమైనట్లే.

ఉద్దానం నేర్పిన పాఠం
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, పలాస తదితర మండలాలను కిడ్నీ జబ్బు ఏళ్లుగా పీడిస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. అక్కడి బాధితుల్లో చాలామందికి మూత్రంలో మాంసకృత్తులు స్వల్పంగానే పోతున్నట్లు వైద్యులు గుర్తించారు. కేవలం మూత్ర పరీక్షను నమ్ముకుంటే ఇలాంటి జబ్బు చేజారిపోతుంది.

మెట్టలో మరింత జాగ్రత్త
ఉదయగిరి ప్రాంత భూగర్భజలాల్లో ఫ్లోరైడ్‌ సమస్య పాతదే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. కిడ్నీలు దెబ్బతిన్నవారి శరీరం నుంచి ఫ్లోరైడ్‌ సరిగా బయటకు పోక పేరుకుపోతుంది. కనుక వారు శుద్ధి చేసిన నీటినే తాగాలి. ఎండలో పనిచేసి, చాలినన్ని నీళ్లు తాగక, ఆపై నొప్పి మాత్రలు మింగితే కిడ్నీలపై భారం రెట్టింపవుతుంది. వైద్యుల సలహా లేకుండా ఈ మాత్రలు వాడరాదు.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ఏడాదికోసారైనా మూత్రం, రక్తం రెండూ పరీక్షించుకోవాలి. పాత కాగితాలు పారేయరాదు. నిరుడు 0.8 ఉన్న క్రియాటినిన్‌ ఈ ఏడు 1.2కు చేరితే, ఆ తేడాను వైద్యుడికి చెప్పగలిగేది ఆ కాగితమే.