జగన్నాథస్వామికి చేతులెందుకు లేవు?

రథయాత్ర వచ్చిందంటే కోరాపుట్‌లోనూ రాయగడలోనూ మన ఇళ్లలో పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. ఇంద్రద్యుమ్న మహారాజు గడువు తీరకముందే తలుపు తెరిపించాడనీ, ముసలి వడ్రంగి మాయమై విగ్రహాలు సగంలో ఆగిపోయాయనీ మనం కథ చెబుతాం. కథ మంచిదే. అయితే దాంతోనే ఆపితే, దేవుడిలో ఏదో లోపముందని పిల్లలు అనుకుంటారు.

నిజానికి ఆ రూపం అసంపూర్ణం కాదు. గుండ్రని పెద్ద కళ్లు, ముందుకు చాచిన మొండి చేతులు, కాళ్లు లేని నిలువు దేహం: మాను ఆకారం మానుగానే మిగిలింది. పక్కనున్న సుదర్శనుడైతే అచ్చంగా స్తంభమే. ఏడాదిలో ఎక్కువ కాలం చందనం పూతలో లింగాకారంగా కనిపించే సింహాద్రి అప్పన్నకు మొక్కే మనకు ఇది వింత కాకూడదు. 1936 దాకా ఈ ప్రాంతమూ సింహాచలమూ ఒకే విశాఖపట్నం జిల్లాలో ఉండేవి.

పూరీ విగ్రహాలు వేప మానువి. చెక్కిన మానుపై పట్టుదారాలు, గుడ్డ, గుగ్గిలం పొరలుగా వేసి రంగులద్దుతారు. రాయిలా కర్ర కలకాలం నిలవదు. అందుకే అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో నవకళేబరం చేస్తారు. 1977, 1996, 2015లలో అలాగే జరిగింది. శంఖచక్రాల గుర్తులున్న పాత వేపచెట్టును వెతుకుతారు. పాత విగ్రహాలను గుడి ఆవరణలోని కోయిలి వైకుంఠంలో భూస్థాపితం చేస్తారు.

చెట్టును వెతికే దైతాపతులు శబర నాయకుడు విశ్వావసు వంశం వారని సంప్రదాయం. అడవిలో నీలమాధవుణ్ణి మొదట కొలిచింది అతడేనని స్థలపురాణం. శబరుల పేరు మోస్తున్న సవరలు మనకు దూరం వాళ్లు కారు. గుణుపురం, పుట్టాసింగి కొండల్లోనూ, ఇటు శ్రీకాకుళం, మన్యం వైపూ ఉన్నారు. మన గిడుగు రామమూర్తి గారు వారి భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. కోరాపుట్ జగన్నాథ ఆలయానికి శబర శ్రీక్షేత్రమనే పేరు వచ్చింది కూడా ఆ బంధం వల్లే.

తరతరాలుగా ఇక్కడే ఉంటున్నా, సంతలో కూరలమ్మే కొండవాళ్లను మనలో కొందరు ఇంకా చిన్నచూపే చూస్తారు. పిల్లలకు కథ చెప్పేటప్పుడు విశ్వావసు పేరు వదలొద్దు. మనం లాగే రథం మీది దేవుణ్ణి లోకానికి చూపింది ఆ కొండవాళ్లేనని చెబుదాం. పెరట్లోని పాత వేపచెట్టు జోలికి గొడ్డలి రానివ్వొద్దనీ చెబుదాం.