పిండి ముద్దతో చదువు

అమ్మ చపాతీ పిండి కలుపుతోంది. నాలుగేళ్ల పిల్ల పక్కన చేరింది. "నాకూ ముద్ద ఇయ్యవే అమ్మా" అంది. "పిండి పాడు చేయకు, పో" అని అమ్మ కసిరింది.

ఆ ముద్ద దండగ కాదు. పిల్ల చేతికి అదే మొదటి చదువు.

పెద్దయ్యాక అక్షరాలు నేర్చిన అక్కలకు ఈ సంగతి తెలుసు. బలపం పట్టిన కొత్తలో వేళ్లు నొప్పి పుట్టాయి. కొడవలి పట్టిన చేతికే అంత కష్టం! మరి పసి వేళ్ల మాటేమిటి? ముద్దను పిసికితే, నొక్కితే, గిల్లితే వేళ్లకు బలం వస్తుంది. రేపు బలపం బాగా పట్టుకుంటాయి.

ముద్దతో ఉండలు చేయించండి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమనండి. ఏది పెద్దది, ఏది చిన్నది అని అడగండి. ముద్దను తాడులా పొడుగ్గా చేయించండి. రెండు కొసలు కలిపితే సున్న! "ఇదేం బొమ్మ?" అని అడగండి. పిల్ల కథ చెబుతుంది. మాటలు పెరుగుతాయి.

పిండి లేదా? చెరువు మట్టి చాలు. ఏరువాక పున్నమికి ఎద్దుల బొమ్మలు చేసేది మట్టితోనే కదా! రాళ్లు, గాజు పెంకులు ఏరేయాలి. పచ్చి పిండి, మట్టి తిననివ్వకూడదు. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి.

ఆడపిల్లకూ, మగపిల్లవాడికీ ఇద్దరికీ ముద్ద ఇవ్వండి. రేపటి చదువుకు చెయ్యి ఈ రోజే సిద్ధమవుతుంది.